ఊహా రేవుపట్నానికి వాడలు, వర్గాలు కల్పించడం ఎలా

అద్భుత కథల కోసం రేవుపట్నాన్ని కల్పించేవారిలో చాలామంది ముందుగా కొండమీద రాజుగారి కోటను గీసి, దాని చుట్టూ కలవారి వీధులు, ఆ దిగువన బజారు, చివరకు నీటి ఒడ్డున బెస్తవాడ, దొంగలు తిరిగే సందులు పెట్టి పటం పూర్తయిందనుకుంటారు. అటువంటి పట్నాన్ని సముద్రానికి నూరామడల దూరాన ఉంచినా కథలో ఏమీ మారదు. రేవుపట్నం సరుకు కోసం పుడుతుంది కనుక దాని పటాన్ని కూడా సరుకు వెంటే గీసుకురావాలి. ఓడ దిగిన మూట షావుకారు గిడ్డంగికి చేరేలోగా ఎన్ని చేతులు మారుతుందో అన్ని వృత్తులు, ఎన్నిచోట్ల ఆగుతుందో అన్ని వాడలు ఏర్పడతాయి. ఆ దారిలో మూటను ఎవరు ఆపగలరో, ఎవరు ఆపలేరో తెలిస్తే ఊళ్ళో ఎక్కువ తక్కువలు వాటంతట అవే తేలతాయి.

ఉదాహరణ కోసం పొన్నరేవు అనే పట్నాన్ని కల్పించుకుందాం. దూరపు దీవి నుంచి అక్కడికి వెలుగురాయి దిగుమతి అవుతుంది. నూనె, వత్తి లేకుండా ఏళ్ళ తరబడి వెలిగే ఆ రాయికి ఒకే ఒక్క దోషం ఉంది, ఉప్పునీరు తగిలితే భగ్గున మండుతుంది. అద్భుతం ఇంతవరకే. కల్పనలో మాయలు ఎంత తక్కువగా ఉంటే వాటి పర్యవసానాలను అంత లోతుగా తవ్వవచ్చునని నా అభిప్రాయం.

ఓడ ఎక్కడ ఆగుతుంది?

పటం మీద మొదట పెట్టవలసిన గుర్తు లంగరు వేసే చోటు. మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి ముఖ్యమైన రేవుగా వెలిగిన కాలంలో కూడా అక్కడి తీరం లోతు లేనిదే. పెద్ద ఓడలు ఒడ్డుకు కొన్ని మైళ్ళ దూరాన ఆగిపోతే సరుకును చిన్న పడవల మీద చేరవేసేవారు. మద్రాసు తీరంలో లోతు మాట అటుంచి, ఒడ్డును కొట్టే కెరటాలే పెద్ద అడ్డంకి. ఇనుప మేకులు కొట్టిన పడవ ఆ దెబ్బకు పగిలిపోతుంది కనుక పలకలను కొబ్బరినార తాడుతో కుట్టిన మసూలా పడవలను వాడేవారు. కెరటం విసిరినప్పుడు ఆ పడవ కాస్త వంగి ఇస్తుంది. ఈస్టిండియా కంపెనీ గవర్నరు అయినా సరే, ఆ పడవవాళ్ళు తెడ్డు పట్టనంటే ఒడ్డు తొక్కే మార్గం లేదు. రోజుకూలి మీద బతికే ఒక వర్గం చేతిలో పట్నం గొంతు ఉండడం ఇక్కడ గమనించవలసిన విషయం.

దీనికి భిన్నంగా విశాఖపట్నాన్ని చూడండి. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున తవ్విన లోపలి రేవు 1933లో ప్రారంభమయ్యాక ఓడ నేరుగా జట్టీకి వచ్చి ఆగింది. అటువంటి రేవులో పడవవాళ్ళ స్థానాన్ని దారి చూపే పైలట్లు, క్రేన్లు నడిపేవారు, రైలు పట్టాలు ఆక్రమిస్తాయి. మీ పట్నం ఈ రెంటిలో ఏ తరహాదో నిర్ణయించకుండా ముందుకు వెళ్ళకూడదు, ఎందుకంటే నీటి అంచున నివసించే వర్గానికి బేరమాడే బలం ఉందా లేదా అన్నది ఈ ఒక్క నిర్ణయంతోనే తేలిపోతుంది.

నది పక్కన రేవును పెడితే ఒండ్రుమట్టిని లెక్కలోకి తీసుకోవాలి. గోదావరి పాయ మీద ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన, మరమ్మతు చేసిన రేవు. మేట వేసిన మట్టి, 1789లోనూ 1839లోనూ వచ్చిన తుపానులు కలిసి దానిని చిన్న ఊరుగా మిగిల్చాయి. కథకునికి ఇటువంటి క్షీణత వరం వంటిది. నది దారి మార్చుకోగా వదిలిపోయిన పాతరేవు వాడను ఒకదానిని పటంలో పెట్టండి. పెద్ద పెద్ద లోగిళ్ళు, వాటి ముందు నీళ్ళు లేని మెట్లు, ఓడలు లేకపోయినా ఓడయజమానులమనే చెప్పుకునే కుటుంబాలు అక్కడ ఉంటాయి. వారికి పట్నసభలో ఓటు ఉండి, చేతిలో సొమ్ము లేకపోతే కథకు కావలసిన సగం కుట్రలు ఆ వాడలోనే పుడతాయి.

ఋతువునూ మరువకూడదు. తెరచాపల కాలంలో ఓడ రాకపోకలను గాలి నిర్ణయించేది. కోరమాండల్ తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల భయంతో ఓడలు తీరాన్ని వదిలిపోయేవి. అనుకూలమైన గాలి కోసం నావికులు పరాయి రేవులలో నెలల తరబడి కాచుకునేవారు. అందువల్ల రేవుపట్నానికి రెండు జనాభాలు ఉంటాయి. ఓడలు ఉన్న నెలల్లో పూటకూళ్ళ ఇళ్ళు నిండుతాయి, అద్దెలు పెరుగుతాయి, కొట్లాటలు జరుగుతాయి. ఓడలు లేని నెలల్లో అప్పులు, పెళ్ళిళ్ళు, వలలు అల్లుకోవడం ఉంటాయి. ఏటేటా వచ్చి ఆగే నావికులు ఇక్కడే సంసారాలు పెట్టుకోగా పుట్టిన పిల్లలు క్రమంగా ఒక వాడ అవుతారు. ఆ వాడకు రెండు భాషలు వస్తాయి కాబట్టి అందరూ దానిని వాడుకుంటారు, ఎవరూ తమవారనుకోరు.

మూట వెంట నడవండి

ఇప్పుడు ఒక మూటను ఎన్నుకొని దానితోపాటు నడవాలి. ఓడమీద సరంగు, అంటే ఓడ పనివాళ్ళ పెద్ద, చేతి కింద కళాసీలు మూటను పడవలోకి దించుతారు. పడవవాళ్ళ పెద్ద అయిన తండేలు పడవను ఒడ్డుకు చేరుస్తాడు. ఒడ్డున మేస్త్రీ పిలిచిన హమాలీలు దానిని సుంకం చావడికి మోస్తారు. అక్కడ తూచి, ముద్ర వేసి, సుంకం కట్టించుకుంటారు. అప్పుడది గిడ్డంగికి చేరుతుంది, దుబాసీ దాని ధరను రెండు భాషల్లో పలుకుతాడు, షావుకారు కొంటాడు, బండ్లవాళ్ళు ఊరు దాటిస్తారు. ఈ వరుసలో ప్రతి చేతి మార్పు దగ్గరా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇక్కడ ఎవరికి వాటా దక్కుతుంది? దొంగతనం జరిగితే నేరం ఎవరి మీద పడుతుంది? ఈ పనిని మరొకరికి అప్పగించడం ఎంత సులభం? మూడో ప్రశ్నకు వచ్చే జవాబే ఆ వర్గం కూలిని, గౌరవాన్ని నిర్ణయిస్తుంది. కెరటాలలో పడవ నడపగలిగినవాడు సులభంగా దొరకడు, మూట మోసేవాడు దొరుకుతాడు. అయితే మూట మోసేవారిని ఒక్క పిలుపుతో పోగుచేసే మేస్త్రీ మాత్రం దొరకడు. అందుకే అతని ఇల్లు కూలీల వాడలోనే ఉన్నా పెంకుటిల్లు అయి ఉంటుంది.

సుంకం చావడి మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాలి. కాకతీయ గణపతిదేవుడు 1244-45 ప్రాంతంలో మోటుపల్లిలో వేయించిన అభయశాసనాన్ని రేవుపట్నం కల్పించే తెలుగువారందరూ ఒకసారి చదవవలసిందే. తుపాను దెబ్బకు దారి తప్పి ఒడ్డున పడిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారని, తాము మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని ఆ శాసనం హామీ ఇస్తుంది. ఎగుమతి దిగుమతులపై ముప్పైవ వంతు సుంకమని చెప్పి, చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం వంటి సరుకుల సుంకాలను విడివిడిగా పేర్కొంటుంది. కథకుని దృష్టిలో ఇందులో ముఖ్యమైనది ఆ హామీ వెనుక ఉన్న పాత అలవాటు. విరిగిన ఓడ ఎవరిదన్న ప్రశ్నకు మీ పట్నంలో రాజు ఒక జవాబు, తీరపు పల్లెలు మరొక జవాబు, దేవాలయం ఇంకొక జవాబు చెబుతూ ఉంటే, ఒక తుపాను రాత్రితో నవల మొదలుపెట్టవచ్చు.

మూట దారి పొన్నరేవులో ఎలా ఉంటుందో చూద్దాం. నది మొగలో ఇసుకతిప్ప అడ్డం ఉంది కనుక ఓడలు బయటే ఆగుతాయి. వెలుగురాయిని లక్కతో మూత బిగించిన జాడీలలో పెట్టి పడవవాళ్ళు కెరటాలు దాటిస్తారు. ఏడాదికి ఒకటి రెండు జాడీలు పగిలి పడవ కాలిపోతుంది. ఒడ్డున చెక్కవంతెన చివర జాడీని అందుకునేవారు వేరే వర్గం. ఊళ్ళో వీరిని పొడిచేతులవాళ్ళని, పడవవాళ్ళను తడికాళ్ళవాళ్ళని అంటారు. మొదట్లో ఇది కేవలం జాగ్రత్త. ఉప్పునీటిలో తడిసినవాడు రాయిని ముట్టుకోకూడదు, అంతే. మూడు తరాలు గడిచేసరికి పొడిచేతులవాళ్ళ పిల్లలు సముద్రంలో కాలు పెట్టడం మానేశారు, తడికాళ్ళవాళ్ళు ఎండినా తడిసినా వంతెన దాటరాదన్న కట్టుబాటు వచ్చింది, మంచినీటి బావులన్నీ వంతెనకు అవతలే ఉండిపోయాయి.

ఈ కట్టుబాటుకు ఒక చిక్కు ఉంది. చెమట కూడా ఉప్పునీరే. వేసవిలో జాడీ మూత తీసి రాళ్ళు వేరుచేసే గిడ్డంగి పనివాని నుదుటి నుంచి ఒక్క చుక్క జారినా ప్రమాదమే. అందుకని వారు తెల్లవారకముందే పని ముగిస్తారు, చేతులకు బూడిద రాసుకుంటారు, తలకు మందపాటి గుడ్డ చుట్టుకుంటారు. తమ చెమట ఉప్పన కాదని కూడా చెప్పుకుంటారు. ఆ మాట అబద్ధమని పట్నంలో అందరికీ తెలుసు, పైకి అనేవారు లేరు. తడికాళ్ళవాడి కూతురు ఒకతె గిడ్డంగి వాకిట నిలబడి, కాలిన మచ్చలున్న పొడిచేతుల ముసలివాణ్ణి, “తాతా, సముద్రం ముట్టుకోకుండానే నీ చెయ్యెలా కాలింది?” అని అడిగిందనుకోండి, పొన్నరేవు సామాజిక వ్యవస్థను పాఠకునికి వేరే వివరించనక్కరలేదు. విభజన వెనుక ఒక నిజమైన కారణం, దాని మీద పేరుకున్న ఒక అబద్ధం, ఆ రెంటినీ ఒకేసారి బయటపెట్టే ఒక రోజువారీ వస్తువు ఉండేలా చూసుకోవాలి.

పరదేశులను ఎక్కడ ఉంచాలి?

పరదేశుల వాడ గీసేటప్పుడు తలుపు గడియ ఏ వైపున ఉందో ముందే నిర్ణయించుకోవాలి. జపాన్‌లోని నాగసాకిలో 1630లలో సముద్రంలో మట్టిపోసి విసనకర్ర ఆకారంలో కట్టిన దెజిమా దీవిని మొదట పోర్చుగీసువారి కోసం ఉద్దేశించారు. 1641 నుంచి డచ్చివారిని అందులో ఉంచారు. ఊరికి, దీవికి మధ్య ఒక్క వంతెన, దాని మీద కాపలా ఉండేవి. దీవికి పెట్టుబడి పెట్టిన నాగసాకి వర్తకులకే డచ్చివారు అద్దె కట్టేవారు. వెనిస్‌లో 1516లో యూదులను ఘెట్టోకు పరిమితం చేసి, రాత్రివేళ తలుపులు మూసి, ఆ కాపలాదారుల జీతాన్ని యూదుల చేతనే కట్టించారు. ఈ రెండుచోట్లా గడియ ఊరివారి చేతిలో ఉంది. మద్రాసులో గడియ తిరగబడింది. పరదేశులే కోటలో ఉండి, ఊరివారిని బయట నల్లపట్నంలో ఉంచారు. ఫ్రెంచివారు 1746లో కోటను పట్టుకున్న తరువాతి సంవత్సరాలలో, కోటకు ఆనుకొని ఉన్న పాత నల్లపట్నం ఫిరంగులకు అడ్డు లేకుండా నేలమట్టమైంది. ఒక వర్గం ఇళ్ళు ఉన్నచోట మరొక వర్గం భద్రత కోసం మైదానం ఏర్పడితే, ఆ ఖాళీ స్థలం కూడా మీ పటంలో ఒక వాడతో సమానమే. దానికి పేరు పెట్టండి.

గడియ ఎవరికీ లేని ఏర్పాటు కూడా ఉంది. మచిలీపట్నంలో డచ్చివారు, ఆంగ్లేయులు, ఫ్రెంచివారు పదిహేడో శతాబ్దంలో వేర్వేరుగా వర్తకశాలలు పెట్టుకున్నారు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అన్న పేర్లు ఇప్పటికీ ఊళ్ళో వినిపిస్తాయి. మనుషులు వెళ్ళిపోయినా పేర్లు మిగిలే ఈ పద్ధతిని మీ పటంలోనూ పాటించండి. ప్రతి పేరూ ఇప్పటి నివాసులకు సరిగ్గా సరిపోతే ఆ ఊరికి గతం లేనట్టు అనిపిస్తుంది.

పరదేశి ఉన్నచోట దుబాసీ తప్పడు. మద్రాసులో దుబాసీలు కేవలం మాట మార్చేవారుగా మొదలై, దళారులై, అప్పులిచ్చేవారై, గుళ్ళకు ధర్మకర్తలయ్యారు. రెండు పక్షాలకూ అవసరమైన మనిషిని రెండు పక్షాలూ అనుమానిస్తాయి కనుక కథానాయకునిగానైనా ప్రతినాయకునిగానైనా దుబాసీ బాగా పనికొస్తాడు. రాకుమారుని కంటే నేను అతనినే ఎన్నుకుంటాను.

గోడలు లేని సరిహద్దులు

సామాజిక విభజన అంటే ప్రతి వాడకూ గోడ కట్టడమని అనుకోనక్కరలేదు. పట్నాలలో సరిహద్దులు ఎక్కువగా ఊరేగింపు దారుల్లో, బావుల దగ్గర, శ్మశానాల్లో, పండుగ వరుసల్లో బయటపడతాయి. మద్రాసులో కుడిచేతి, ఎడమచేతి కులాలుగా చీలిన సమూహాల మధ్య, పెళ్ళి ఊరేగింపు ఏ వీధి గుండా వెళ్ళవచ్చునన్న తగవు 1707లో కంపెనీ ప్రభుత్వాన్నే చిక్కుల్లో పడేసింది. ఒకే వ్యాపారంలో పోటీపడే బేరిచెట్టి వర్తకులు ఎడమచేతి వైపు, కోమట్లు కుడిచేతి వైపు ఉండడం గమనిస్తే, వీధి గౌరవం కోసం జరిగినట్టు కనిపించే తగవులో వ్యాపారపు పోటీ కూడా కలిసి ఉన్నట్టు తెలుస్తుంది. మీ పట్నంలోనూ తీవ్రమైన వైరాన్ని అగ్రవర్ణానికి, అట్టడుగు వర్గానికి మధ్య కాక, దాదాపు సమానులైన రెండు వర్గాల మధ్య పెట్టి చూడండి.

కింది వర్గాలు ఒకరినొకరు ఢీకొనే సందర్భాన్ని రంగూన్ చూపిస్తుంది. అక్కడి రేవుకూలీలలో ఎక్కువమంది తెలుగువారు, కోరంగి రేవు పేరు మీద బర్మావారు వారిని కోరంగీలని పిలిచేవారు. 1930 మే నెలలో వారు కూలి పెంచమని సమ్మె చేస్తే ఓడ కంపెనీల కాంట్రాక్టర్లు బర్మా కూలీలను దించారు. సమ్మె పరిష్కారమై తెలుగువారు తిరిగి పనిలోకి రాగానే బర్మావారిని పొమ్మన్నారు. దానితో రేవు దగ్గర చెలరేగిన ఘర్షణ నగరమంతా పాకింది, చాలామంది తెలుగు కూలీలు ప్రాణాలు కోల్పోయారు.  మీ కథలో ‘జాతివైరం’ అని రాయబోయేముందు, ఆ రోజు పొద్దున్న పనిలోకి ఎవరిని పిలిచారో, ఎవరిని వద్దన్నారో రాసుకోండి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అద్భుత కథల్లో జాతికొక వృత్తి అంటగట్టడం, అంటే పొట్టివారందరూ కమ్మరులు, చెవులు పొడుగున్నవారందరూ వర్తకులు అనడం, మన కులవ్యవస్థనే రంగుమార్చి సహజధర్మంగా చూపినట్టవుతుంది. పుట్టుకతో వృత్తి వచ్చే సమాజాన్ని చూపవచ్చు, కానీ ఆ కట్టుబాటును ఎవరు నిలబెడుతున్నారో, ఎవరు దాటిపోతున్నారో, దాటినవారికి ఏమవుతుందో కూడా చూపాలి. ప్రతి వర్గానికీ తమ పనే పట్నాన్ని నిలబెట్టిందని చెప్పే సొంత పుట్టుకకథ ఉండాలి. తడికాళ్ళవాళ్ళ కథలో పొడిచేతులవాళ్ళు ఈతరాని పిరికివాళ్ళు.

స్త్రీలను పటంలో మరచిపోవడం తరచు జరిగే లోపం. ఆంధ్ర తీరపు మత్స్యకార కుటుంబాలలో మగవారు వేటకు వెళితే చేపలు అమ్మేది ఎక్కువగా ఆడవారే. తలమీద గంపతో బ్రాహ్మణవీధి తప్ప అన్ని వాడలూ తిరిగే చేపలమ్మకు ఏ ఇంట్లో డబ్బు ఆడుతుందో, ఏ ఇంట్లో అప్పు పెరుగుతుందో తెలిసినంతగా కొత్వాలుకు కూడా తెలియదు. పట్నాన్ని పాఠకునికి మొదటిసారి చూపడానికి ఇంతకంటే మంచి పాత్ర దొరకడం కష్టం.

ఎత్తు, రోగం, వాసన

పటం మీద ఎత్తుపల్లాలు గుర్తించండి. 1864 నవంబరులో మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయారు. అటువంటిది మీ పట్నంలో ఒకసారైనా వచ్చి ఉంటుంది కనుక, అప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఒక గీత గీసి, ఆ గీతకు పైన ఎవరు కట్టుకోగలిగారో చూడండి. రోగం కూడా ఓడ మీదే వస్తుంది. రగూసా (ఇప్పటి క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్) పట్నం 1377లో అనుమానపు ఓడలను ముప్పై రోజులు దూరంగా నిలపాలని చట్టం చేసింది. వెనిస్ 1423లో ఒక దీవిని రోగుల కోసం కేటాయించింది. అటువంటి దీవిలో కాపలావారు, వంటవారు, శవాలు పూడ్చేవారు ఉంటారు. వారి పిల్లలకు ఊళ్ళో పెళ్ళి సంబంధాలు దొరకవు.

చేపలు ఎండబెట్టే, తోళ్ళు పదునుచేసే, కీలు (ఓడలకు పూసే తారు) కాచే చోట్లు గాలికి దిగువన ఉంటాయి. గాలి ఆరునెలలకొకసారి దిశ మార్చుకునే తీరమైతే కలవారికి కూడా ఏడాదిలో కొన్నాళ్ళు ఆ వాసన తప్పదు, అప్పుడు వారు తోటబంగళాలకు వెళతారు. దానితో ఊరి వెలుపల మరొక వాడ వచ్చి చేరుతుంది.

పటం ఇంతవరకు వచ్చాక పరీక్షించండి. చేపలమ్మ, మేస్త్రీ, దుబాసీ, పాతరేవు ఓడయజమాని కొడుకు అన్న నలుగురిని ఒకే రోజు తెల్లవారుజాము నుంచి రాత్రి గుమ్మాలు మూసేదాకా నడిపించి, ఎవరిని ఎక్కడ ఆపారు, ఎవరు చెప్పులు విడిచారు, ఎవరు ఎవరిని ‘మీరు’ అన్నారు, ఎవరికి మంచినీళ్ళు దొరికాయి అన్నది విడివిడిగా రాసుకోండి. నలుగురి నడకలోనూ ఒకే చోట ఏ అడ్డంకీ రాకపోతే ఆ వాడ ఇంకా తయారు కానట్టే, దానిని మళ్ళీ గీయాలి. దూరాలను కోసుల్లో కాకుండా నడక సమయంలో, బరువుతో ఒకసారి, బరువు లేకుండా ఒకసారి లెక్కకట్టుకుంటే కథ రాసేటప్పుడు పాత్రలు రెక్కలు కట్టుకొని ఎగరకుండా ఉంటాయి.